పాటకు గుర్తు ఎవరి కోసం?

అండమాన్ అడవిలో ఒక వ్యక్తి పడవ కోసం మాను తొలుస్తున్నాడు. బాడిస దెబ్బకు అనుగుణంగా అతని నోట ఒక పాట రూపు దిద్దుకుంటున్నది. దానిని అతడు పైకి పాడడు. తనకు మాత్రమే వినిపించేటంత మెల్లగా, తృప్తి కలిగే వరకు, మళ్ళీ మళ్ళీ అనుకుంటాడు. పాట కుదిరిన తరువాత ఒకరిద్దరు స్త్రీలకు దాని పల్లవి నేర్పుతాడు. అందరూ నృత్యానికి చేరిన ఒక రాత్రి దానిని మొదటిసారిగా బయటపెడతాడు. డాలు ఆకారంలో చెక్కిన పెద్ద పలకను నేలపై ఉంచి, మడమతో దానిని తన్ని లయ చూపుతూ అతడు పాడుతుంటే, స్త్రీలు తొడలపై చరుస్తూ పల్లవి అందుకుంటారు.

1906 నుండి 1908 వరకు ఆ దీవులలో పరిశోధన గావించిన మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో ప్రచురించిన ‘ది అండమాన్ ఐలాండర్స్’ అనే గ్రంథంలో ఈ పద్ధతిని వర్ణించారు. గ్రేట్ అండమానీ తెగలలో ప్రతి మనిషీ తన పాటను తానే కట్టుకొనేవాడు. ఒకరు కట్టిన పాటను మరొకరు పాడేవారు కారు. తరతరాలుగా అందరూ కలిసి పాడుకొనే పాత పాటలంటూ వారికి లేవు. వేట, పడవ, విల్లు, ప్రయాణం వంటి నిత్యజీవిత విషయాలే ఆ చిన్న పాటలకు వస్తువులు.

ఇట్టి సమాజంలో స్వరలిపి అవసరమేమున్నది? కట్టినవాడే పాడేవాడు. పల్లవి పాడవలసిన స్త్రీలు అతని ఎదుటనే కూర్చుని నేర్చుకున్నారు. వినేవారందరూ పుట్టినది మొదలు ఆ పలక చప్పుడు విన్నవారే. పాట ఒక నోటి నుండి ఒక చెవికి పోయే దారిలో ఎక్కడా ఖాళీ లేదు. పాట కట్టినవానికీ దానిని పాడవలసినవానికీ మధ్య దూరం ఏర్పడినపుడే గుర్తుల అవసరం పుడుతుంది. ఆ దూరం స్థలానిది కావచ్చు, కాలానిది కావచ్చు. అందుచేత స్వరాలను కాగితంపై పెట్టదలచిన ప్రతి ఒక్కరూ ముందుగా వేసుకొనవలసిన ప్రశ్న ‘ఎట్లా వ్రాయాలి’ అన్నది కాదు. ‘ఎవరు చదువుతారు, వారి చెవిలో ఇదివరకే ఏమున్నది’ అన్నదే ఆ ప్రశ్న.

లండన్ పాఠకుని చెవి

మారిస్ విడాల్ పోర్ట్‌మన్ 1879లో అండమాన్ చేరారు. నేడు శ్రీ విజయపురం అని పిలువబడుతున్న పోర్ట్ బ్లెయిర్‌లో, అండమానీయుల వ్యవహారాలు చూసే అధికారిగా ఆయన చాలాకాలం పనిచేశారు. వారి భాషలను అభ్యసించారు. వందల కొలది ఛాయాచిత్రాలు తీశారు. 1888లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అండమానీ సంగీతాన్ని గురించి ఒక దీర్ఘవ్యాసం ప్రకటించారు. దానిని చదివేవారు వేల మైళ్ళ దూరంలో, పియానో ఉన్న ఇళ్ళలో కూర్చున్న పండితులు. వారిలో ఎవరూ ఆ పలక చప్పుడు విని ఎరుగరు.

అట్టి పాఠకుని కోసం ఈ పాటను ఐదు గీతల పాశ్చాత్య లిపిలోకి దింపడానికి పూనుకొనే వ్యక్తికి వెంటనే మూడు చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది స్వరాలకు సంబంధించినది. అండమానీ పాటల పరిధి చాలా చిన్నది. కొద్ది స్వరాలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ఐదు గీతల లిపిలో సామాన్యంగా ఒక స్థాయికి పన్నెండు మెట్లే ఉన్నాయి. పాడేవాని గొంతు రెండు మెట్ల నడుమ ఎక్కడో నిలిచినపుడు వ్రాసేవాడు దానిని అటో ఇటో జరపక తప్పదు. చదివేవాడు పియానో మెట్టు నొక్కి, ఇదే ఆ స్వరమని నమ్ముతాడు.

రెండవది లయకు సంబంధించినది. దెబ్బ ఎన్నవ మాత్రపై పడుతుందో గీతలపై చూపవచ్చు. మడమ తగిలినపుడు చెక్కపలక చేసే మ్రోతనూ, పల్లవి అందుకొనే స్త్రీల చరుపులనూ ఆ గీతలు వినిపించలేవు.

మూడవది మాటలకు సంబంధించినది. లయకు సరిపోవడానికి పాట కట్టేవాడు పదాల రూపాన్ని చాలా స్వేచ్ఛగా మార్చేవాడు. అందుచేత వాడుకమాట ఎరిగినవారికి సైతం పాటలోని మాట సులభంగా బోధపడేది కాదు. కట్టినవాడే దాని భావం వివరించవలసి వచ్చేది. 1880 దశకంలో అండమానీయులను గురించి వ్రాసిన ఆంగ్ల అధికారులు ఈ విషయం గమనించారు.

ఇక్కడ లిపిలో తప్పు లేదు. వ్రాసేవాని శ్రద్ధలో లోపమూ లేదు. కాగితం మీద ఖాళీగా మిగిలినదానిని చదివేవాడు తన చెవిలో ఉన్నదానితో నింపుకుంటాడు. లండన్ పాఠకుని చెవిలో ఉన్నది పియానో. అండమాన్ అడవి అక్కడ లేదు.

అయిదారు అక్షరాలతో ఒక రాత్రి

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ జాజ్ సంగీతంలో ఉన్నది. అండమాన్‌లో ఒక పాటకు ఒక్కడే స్వామి. జాజ్‌లో ఒక పాటను వేలమంది వాయిస్తారు, ప్రతి ఒక్కరూ తమదిగా చేసుకుంటారు. మునుపెన్నడూ కలియని నలుగురు వాద్యకారులు ఒక సాయంకాలం వేదిక ఎక్కి, ఒక్క పుట కాగితం ఎదుట పెట్టుకొని, రాత్రంతా వాయించగలరు. ఆ పుటలో ఉండేది పాట వరుస, దాని పైన అక్కడక్కడ కొన్ని అక్షరాలు, అంకెలు మాత్రమే. ఆ అక్షరాలే కార్డ్ గుర్తులు.

మూడు నాలుగు స్వరాలను ఏకకాలంలో మ్రోగించడాన్ని పాశ్చాత్య సంగీతంలో ‘కార్డ్’ అంటారు. కర్ణాటక సంగీతం ఎరిగినవారికి దీనిని ఇట్లా చెప్పవచ్చు. ‘సి’ అనే స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే, ‘సి’ అని మాత్రమే వ్రాసిన గుర్తుకు షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిపి మ్రోగించమని అర్థం. అంతర గాంధారానికి బదులు సాధారణ గాంధారం వేస్తే అది ‘సి మైనర్’. ‘సి’ పక్కన ఏడు అంకె చేరిస్తే పై మూడింటికీ కైశికి నిషాదం తోడవుతుంది. కాకలి నిషాదం కావలెనంటే ‘సి మేజర్ సెవెన్’ అని విధిగా చెప్పాలి.

ప్రమాదం ఇక్కడే ఉన్నది. కొందరు మేజర్‌కు పెద్ద ‘ఎమ్’ అక్షరాన్నీ, మైనర్‌కు చిన్న ‘ఎమ్’ అక్షరాన్నీ వాడతారు. అచ్చులో వాటి భేదం తెలుస్తుంది. మసక దీపం కింద, తొందరగా వ్రాసిన చేతివ్రాతలో తెలియదు. పియానో వాయించేవాడు ‘సి మేజర్ సెవెన్’ అని చదివి అంతర గాంధారం, కాకలి నిషాదం పట్టుకుంటాడు. గిటారు వాయించేవాడు ‘సి మైనర్ సెవెన్’ అనుకొని సాధారణ గాంధారం, కైశికి నిషాదం పట్టుకుంటాడు. నాలుగు స్వరాలలో రెండు ఢీకొంటాయి. ఇద్దరూ సమర్థులే, ఇద్దరూ కాగితంలో ఉన్నదే వాయించారు. తప్పు ఒక అక్షరం ఎత్తులో ఉన్నది.

ఇటువంటివే మరికొన్ని. ‘సి’ తరువాత ఫ్లాట్ గుర్తు, దాని వెంట తొమ్మిది అంకె వ్రాస్తే రెండు అర్థాలు వస్తాయి. ఫ్లాట్ ‘సి’కి చెందితే మొత్తం కార్డే ఒక మెట్టు కిందికి దిగుతుంది. తొమ్మిదికి చెందితే ‘సి’ కదలదు, పైన చేరే తొమ్మిదవ స్వరం ఒక్కటే దిగుతుంది. ప్లస్ గుర్తును ఒకచోట పంచమాన్ని పెంచమనే అర్థంలో వాడతారు. మరికొన్ని దేశాలలో ఏడు అంకె పక్కన అదే గుర్తును కాకలి నిషాదానికి వాడిన అలవాటు కలదు. చిన్న సున్న ఒక కార్డ్‌కు గుర్తు. ఆ సున్నను కొట్టివేసినట్టు అడ్డగీత గీస్తే మరొక కార్డ్‌కు గుర్తు. పెన్సిల్ అరిగినపుడు ఆ గీత కనబడదు.

ఈ గందరగోళాన్ని తొలగించడానికి కార్ల్ బ్రాంట్, క్లింటన్ రోమర్ అనే ఇద్దరు అమెరికన్లు కార్డ్ గుర్తులను ప్రమాణీకరిస్తూ ఒక పుస్తకం ప్రచురించారు. 1976లో వెలువడిన ఆ పుస్తకం పేరుపొందినదే అయినా, అన్ని దేశాలూ ఒకే పద్ధతికి రాలేదు. అయితే అనుభవజ్ఞులైన వాద్యకారులు పాటించే నియమాలు కొన్ని ఉన్నాయి. అవి చాలా సామాన్యమైనవి.

పెద్ద ‘ఎమ్’, చిన్న ‘ఎమ్’ భేదంపై ఆధారపడరాదు. మేజర్‌కు మూడు అక్షరాల సంక్షేపం, మైనర్‌కు రెండు అక్షరాల సంక్షేపం వ్రాస్తే చేతివ్రాత ఎంత చెడ్డదైనా పొరపాటు రాదు. మార్చిన స్వరాన్ని ఏడు అంకె తరువాత కుండలీకరణంలో పెట్టాలి. అప్పుడు ఫ్లాట్ ఎవరికి చెందినదో సందేహం ఉండదు. అడ్డగీత సున్నకు బదులు ‘మైనర్ సెవెన్, ఫ్లాట్ ఫైవ్’ అని విప్పి వ్రాయడం క్షేమం. కార్డ్ ఏ మాత్రపై మారుతుందో సరిగ్గా ఆ మాత్ర నెత్తినే గుర్తు ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక పుటలో ఒకే అర్థానికి రెండు రకాల గుర్తులు వాడరాదు.

ఎంత వ్రాయాలో తెలియడం ఒక సగం. ఎక్కడ ఆగాలో తెలియడం మిగిలిన సగం. తొమ్మిది, పదకొండు, పదమూడు అంటూ చేర్చగల ప్రతి స్వరాన్నీ గుర్తులో కుక్కితే వాద్యకారుడు చదవడంలోనే మునిగిపోతాడు, వాయించలేడు. ఆ స్వరాలలో ఏది ఎప్పుడు వేయాలో అతనికి తెలుసు. వరుసలో ఆ స్వరం తప్పనిసరిగా ఉన్నపుడు, లేదా రచయిత దానినే కోరినపుడు మాత్రం వ్రాస్తే చాలు. 1970 దశకం నడుమ బోస్టన్ నగరంలో, బర్క్‌లీ సంగీత కళాశాల విద్యార్థుల చేతులలో రూపొంది ‘ది రియల్ బుక్’ అనే పేరుతో ప్రపంచమంతా చుట్టిన పాటల సంపుటిలో సామాన్యంగా ఒక పాట ఒకటి రెండు పుటలకు మించదు. ఊపు ఎట్లా ఉండాలో, వేళ్ళు ఏ మెట్లపై పరచాలో అందులో లేదు. అదంతా వాద్యకారుల చెవులలో ఉన్నది. వారు గ్రామఫోను రికార్డులు విన్నారు, పెద్దల పక్కన కూర్చుని వాయించారు. అందుచేతనే అయిదారు అక్షరాలు ఒక రాత్రికి సరిపోతున్నాయి.

‘ఫలానా పాట వరుస’

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. పాత భజన పుస్తకాలలో పాటకు పైన ‘ఫలానా పాట వరుస’ అని ఒక పంక్తి కనబడుతుంది. స్వరాలు లేవు, తాళం లేదు. ఆ ఫలానా పాట ఊరంతటికీ తెలుసు కనుక ఆ పంక్తి చాలును. కార్డ్ గుర్తు వలెనే ఇదీ చెవిపై నమ్మకంతో వ్రాసిన గుర్తు. కాని ఆ ఫలానా పాటను జనం మరచిపోయిన నాడు ఆ పంక్తి మూగబోతుంది. పుస్తకం చెక్కుచెదరకుండా ఉంటుంది, పాట మాత్రం ఉండదు.

ఈ ప్రమాదాన్ని ఎరిగి వ్రాసినవారిలో సుబ్బరామ దీక్షితులు అగ్రగణ్యులు. ముత్తుస్వామి దీక్షితుల వంశపరంపరకు చెందిన ఆయన 1839లో జన్మించారు. కర్ణాటక కృతులను ఐరోపా లిపిలో అచ్చువేసిన చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహంతో, ఎట్టయపురం సంస్థానం ఆదరణతో, 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో వెలువరించారు. స-రి-గ-మలు వ్రాసి ఊరుకుంటే కృతి ఎముకల గూడు మాత్రమే మిగులుతుందని ఆయనకు తెలుసు. అందుచేత గమకాలకు వేరువేరు గుర్తులు కల్పించారు. కంపితానికి అల వంటి గీత, ఎక్కే జారుకు ఒక వైపు వాలిన గీత, దిగే జారుకు దానికి ఎదురు వాలు. ప్రతి గుర్తుకూ లక్షణం ముందే వివరించారు. చదివేవాడు తన శిష్యుడు కాకపోవచ్చునని తలచి వ్రాసిన పద్ధతి ఇది.

అయినప్పటికీ ఆ అల గీత ఏ స్వరం కంపించాలో చెబుతుంది గాని, ఎంత కంపించాలో చెప్పదు. అందువల్ల ఆ గ్రంథంలోని కొన్ని రాగాలను ఎట్లా పాడాలన్న చర్చ నేటికీ విద్వాంసుల మధ్య సాగుతూనే ఉన్నది. అయితే ఒక భేదమున్నది. చర్చించడానికి ఇక్కడ విద్వాంసులు ఉన్నారు. కంపితమంటే ఏమిటో ఎరిగిన గొంతులు ఇంకా పాడుతున్నాయి.

చదివేవారు లేని గుర్తు

అండమాన్‌లో ఆ గొంతులు నిలువలేదు. 1858లో బ్రిటిష్‌వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలసను నెలకొల్పిన నాడు గ్రేట్ అండమానీయులు వేల సంఖ్యలో ఉండేవారు, పది భాషలు మాట్లాడేవారు. బయటివారితో వచ్చిన వ్యాధులు వారిని తుడిచిపెట్టాయి. 1877 నాటి తట్టు ఒక్కటే ఎందరినో బలిగొన్నది. 1901 జనాభా లెక్కలలో వారు 625 మంది. 1961లో 19 మంది. తరువాత ప్రభుత్వం వారిని స్ట్రెయిట్ ద్వీపంలో నివసింపజేసింది. నేడు వారి సంఖ్య కొంత పెరిగినా, నిత్యవ్యవహారంలో ఎక్కువగా వినిపించేది హిందీయే.

2005 నుండి వారి భాషలను నమోదు చేసిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బికి పాటలు పాడి వినిపించినవారిలో బోవా సీనియర్ ఒకరు. ‘బో’ భాష మాట్లాడగలిగిన చివరి వ్యక్తి ఆమె. తన భాషలో బదులు పలికేవారు ఎవరూ లేనందున ఆమె పక్షులతో మాట్లాడుతూ ఉండేవారని అబ్బి తెలిపారు. బోవా 2010 జనవరిలో మరణించారు. అబ్బి 2021లో ప్రచురించిన కథల, పాటల సంపుటికి శబ్ద, దృశ్య ముద్రణలను కూడా జోడించారు. ఆ పాటల విషయంలో కాగితం ఒక్కటే చాలదని దీనిని బట్టి స్పష్టమవుతున్నది. పోర్ట్‌మన్ నాటి పాఠకునికి లేని అవకాశం ఇది. ఆ గొంతును విన్న తరువాత అక్షరాలను చూడవచ్చు.

ఆ దీవులలోనే నేడు తెలుగువారు కూడా చాలామంది ఉన్నారు. 2011 జనగణన ప్రకారం జనాభాలో సుమారు ఎనిమిదింట ఒక వంతు మంది మాతృభాష తెలుగు. వారిలో అనేకుల పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి సముద్రం దాటి వెళ్ళినవారు. అట్టి ఇళ్ళలో ఎవరైనా అవ్వ పాడే పాటను నోటు పుస్తకంలోకి ఎక్కించదలచుకుంటే, మాటలు మాత్రం వ్రాసి తృప్తి పడరాదు. ‘ఫలానా పాట వరుస’ అని వ్రాసి ఆగిపోనూ రాదు. ఏ పనిలో, ఏ వేడుకలో పాడేవారో, చప్పట్లు ఏ మాట మీద పడతాయో, ఏ మాటను సాగదీస్తారో, ఎవరు ఎత్తుకుంటే ఎవరు అందుకుంటారో నాలుగు పంక్తులలో చేర్చాలి. వీలైతే ఆమె గొంతును కూడా ముద్రించి, రెండింటికీ ఒకే పేరు, ఒకే తేదీ వేసి ఉంచాలి.

జాజ్ వాద్యకారుడు తన కాగితాన్ని పక్కన కూర్చున్న తోటివానికి అందిస్తాడు. సందేహం వస్తే అప్పటికప్పుడు అడిగి తెలుసుకునే వీలున్నది. అవ్వ పాట వ్రాసుకున్న పుస్తకాన్ని తెరిచేది ఇంకా పుట్టని మనుమరాలు కావచ్చు. అడగడానికి ఆనాడు ఎవరూ ఉండరు.